బొమ్మ మీద నేర్చిన సీపీఆర్: నిజంగా వచ్చిందని ఎలా తేల్చాలి?

మత్తుమాస్టారు
మా కళాశాలలో ఇంటర్న్‌షిప్‌లో చేరబోయే 150 మందికి నిరుడు బొమ్మల మీద సీపీఆర్ (గుండె ఆగినవారికి ఛాతీ నొక్కి, ఊపిరి అందించే చికిత్స) నేర్పి, ఆపైన అయిదుగురేసి జట్లుగా విడదీసి కార్డియాక్ అరెస్ట్ (గుండె ఆగిపోవడం) సన్నివేశాలు చేయించాము. మొదట ఇరవై ప్రశ్నల పరీక్ష పెట్టాము, శిక్షణ ముగిసిన సాయంత్రం మళ్ళీ అవే ఇరవై ప్రశ్నలు ఇచ్చాము, చివర్లో ‘శిక్షణ నచ్చిందా, ఆత్మవిశ్వాసం పెరిగిందా’ అంటూ ఒకటి నుంచి అయిదు దాకా అంకె వేయమనే ఫారం నింపించాము. మార్కులు బాగా పెరిగాయి, ఫారాల్లో దాదాపు అందరూ నాలుగో అయిదో వేశారు, శిక్షణ ప్రభావమే లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశాన్ని చెప్పే పీ విలువ 0.001 కన్నా తక్కువ వచ్చింది. సంబరంగా వ్యాసం రాసి ఒక పత్రికకు పంపితే, మీ విద్యార్థులు పొద్దున చెప్పింది సాయంత్రం దాకా గుర్తుపెట్టుకోగలరని మాత్రమే ఇందులో రుజువైంది అనే అర్థం వచ్చేలా ఒక్క వాక్యం రాసి సమీక్షకుడు తిప్పి పంపారు.

రెండు రోజులు కోపంగా ఉన్నాను. మూడో రోజు ఆయన చెప్పింది నిజమేననిపించింది. ఈ ఏటి బ్యాచ్‌కు శిక్షణ మళ్ళీ మొదలవుతుంది. నా చేతిలో ఉన్నవి నాలుగు బొమ్మలు, ఒక ఫోన్ కెమెరా, సాయానికి ఇద్దరు పీజీలు. ఏమి కొలవాలి, ఎప్పుడు కొలవాలి, ఎవరితో పోల్చాలి?

చివరిబెంచి_2020బ్యాచ్
మీ దగ్గర కాదుగానీ అలాంటి ఫారం నేనూ నింపాను సార్. ఫారం ఇచ్చిన తర్వాతే సర్టిఫికెట్టు ఇస్తామన్నారు. మధ్యాహ్నం పెట్టిన బిర్యానీ కూడా బాగుంది. అయిదు వేయక ఏమి చేస్తాము?

లెక్కలపంతులు
బిర్యానీ సంగతి నవ్వులాటగా కనిపించినా, ఆ ఫారంలో కొలిచింది సరిగ్గా దానినే. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లుగా విడదీశారు: నేర్చుకున్నవారికి నచ్చిందా, వారికి ఏమైనా వచ్చిందా, పనిచేసే చోట వారి ప్రవర్తన మారిందా, దానివల్ల అసలు ప్రయోజనం నెరవేరిందా. మత్తుమాస్టారి నిరుటి పని మొదటి మెట్టు మీదా, రెండో మెట్టులో సగం మీదా ఆగిపోయింది. సగం అని ఎందుకు అంటున్నానంటే, ఛాతీని ఎంత లోతుకు నొక్కాలో రాయడం వేరు, అంత లోతుకు నొక్కడం వేరు.

లెక్కల పరంగా మూడు అభ్యంతరాలు ఉన్నాయి. అవే ప్రశ్నలు మళ్ళీ ఇచ్చినప్పుడు, మధ్యలో శిక్షణ లేకపోయినా కొంత పెరుగుదల వస్తుంది, ఎందుకంటే మొదటి పరీక్షే ఒక పాఠం. పోల్చడానికి శిక్షణ పొందని బృందం లేదు కనుక, ఆ కొంత ఎంతో తెలిసే దారి కూడా లేదు. మూడోది చాలామంది గమనించరు: సన్నివేశంలో అయిదుగురు కలిసి పనిచేస్తే మీకు దొరికేవి 150 ఫలితాలు కావు, 30 జట్ల ఫలితాలు. ఒక జట్టులో చురుకైన అమ్మాయి ఒక్కతే అందరినీ నడిపిస్తే ఆ అయిదుగురి మార్కులూ కలిసే పెరుగుతాయి. వాటిని విడివిడి మనుషుల మార్కులుగా లెక్కలో వేస్తే పీ విలువ ఎంత చిన్నదిగా వచ్చినా నేను నమ్మను.

మత్తుమాస్టారు
మూడోది నాకు నిజంగా తట్టలేదు. అయితే శిక్షణ ఇవ్వకుండా ఒక బృందాన్ని ఎలా పక్కన పెట్టగలను? వాళ్ళు కూడా రేపు క్యాజువాల్టీలో నిలబడాల్సినవాళ్ళే.

లెక్కలపంతులు
పక్కన పెట్టనక్కర్లేదు, వరుస పెడితే చాలు. నాలుగు బొమ్మలతో 150 మందికి మీరు ఎలాగూ ఒకే వారంలో నేర్పలేరు. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది చీటీలు తీసి నిర్ణయించండి. మొదటి బృందానికి శిక్షణ పూర్తయిన రోజున, ఇంకా శిక్షణ అందని చివరి బృందాన్ని కూడా అదే సన్నివేశంలో నిలబెట్టి పరీక్షించండి. ఆ తరువాత వాళ్ళకూ నేర్పుతారు కనుక ఎవరికీ అన్యాయం జరగదు. ఎథిక్స్ కమిటీకి కూడా ఇలాగే రాయండి.

రాత్రిడ్యూటీ_సిస్టర్
నాకు పీ విలువలు తెలియవు, పదిహేడేళ్ళుగా వార్డు తెలుసు. ఒక సంఘటన చెబుతాను, ఏ ఆసుపత్రో అడగవద్దు.

రాత్రి రెండున్నరకు మెడికల్ వార్డులో ఒక పెద్దాయన ఉన్నట్టుండి చలనం లేకుండా పడిపోయారు. నేను పిలిస్తే హౌస్ సర్జన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. రెండు నెలల క్రితమే శిక్షణ అయిన అబ్బాయి. మంచం దగ్గర నిలబడి, రెండు చేతులూ చాచి, ‘సీన్ సేఫ్’ (చుట్టూ ప్రమాదం ఏమీ లేదు) అని గట్టిగా అన్నాడు. వార్డులో, మంచం పక్కన! ఆ మాట అనకపోతే చెక్‌లిస్టులో మార్కు పోతుందట, తరువాత తనే చెప్పి సిగ్గుపడ్డాడు. నొక్కడం వెంటనే మొదలుపెట్టాడు, వేగమూ బాగానే ఉంది. కానీ కింద ఉన్నది స్పాంజి పరుపు. అతను నొక్కుతున్నకొద్దీ పరుపు దిగుతోంది తప్ప ఛాతీ దిగడం లేదు. పలక తెచ్చి వీపు కింద పెట్టేదాకా నాకు ఆ తేడా స్పష్టంగా కనబడుతూనే ఉంది. మంచం ఎత్తుకు అతని మోచేతులు నిటారుగా నిలవలేదు, ఎక్కి నిలబడడానికి పీట లేదు. స్కిల్స్ ల్యాబులో బొమ్మను నేల మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి నేర్పారట.

అతనికి సీపీఆర్ రాదని నేను అనను. మంచం మీద చేయడం అతనికి ఎవరూ నేర్పలేదు.

పసిపిల్లల_డాక్టరు
సిస్టర్ గారి పోస్టును మా విభాగం తలుపు మీద అంటించాలని ఉంది.

ల్యాబులో వచ్చింది వార్డుకు రాకపోవడం గురించి మా నవజాత శిశువుల రంగంలో చాలా నిజాయితీగా రాసిన పరిశోధన ఒకటి ఉంది. పుట్టగానే ఊపిరి తీసుకోని బిడ్డకు మొదటి నిమిషంలోనే బ్యాగు, మాస్కుతో గాలి అందించాలని నేర్పే ‘హెల్పింగ్ బేబీస్ బ్రీత్’ శిక్షణ 2010లో మొదలైంది. టాంజానియాలోని హైడమ్ అనే గ్రామీణ ఆసుపత్రిలో దానిని ఒక్క రోజు శిక్షణగా ఇచ్చి, నెలల తరువాత రెండు చోట్ల కొలిచారు. బొమ్మ మీద సిబ్బంది పనితనం మెరుగుపడింది. ప్రసవ గదిలో నిజమైన బిడ్డల దగ్గర వాళ్ళు చేసే పని మాత్రం మారలేదు. ఆ ఫలితాన్ని దాచుకోకుండా 2013లో ప్రచురించారు. తరువాత అదే ఆసుపత్రిలో బొమ్మను ప్రసవ గది పక్కనే ఉంచి, కొద్ది నిమిషాల సాధనను తరచుగా చేయించడం మొదలుపెట్టారు. అప్పుడు మొదటి 24 గంటల్లో శిశు మరణాలు తగ్గాయని 2015లో రాశారు.

అంటే పాఠం అదే, బొమ్మ అదే. మారింది ఎంత తరచుగా, ఎక్కడ అన్నవే. మత్తుమాస్టారిలాగే హైడమ్ వాళ్ళూ బొమ్మ మీద పరీక్షతో ఆగి ఉంటే, మొదటిసారే ‘మా శిక్షణ విజయవంతం’ అని రాసుకునేవారు.

లెక్కలపంతులు
మంచి ఉదాహరణే గానీ చిన్న హెచ్చరిక. ఆ రెండో ఫలితం కూడా ముందు, తరువాత పోల్చినదే. అదే కాలంలో మారిన వేరే విషయాల వాటాను అందులోంచి పూర్తిగా విడదీయలేము.

పసిపిల్లల_డాక్టరు
ఒప్పుకుంటాను. అయినా ప్రసవ గదిలోకి వెళ్ళి కొలిచారు, మనం క్లాసు గది దాటి రావడం లేదు.

ఈఎం_కన్సల్టెంట్
నాలుగో మెట్టు, అంటే రోగి బతికాడా లేదా అన్నది, ఒక కళాశాల స్థాయిలో కొలవాలని ఆశపడవద్దు. వార్డులో గుండె ఆగినవారు బతకడం వారి అసలు జబ్బు మీద, ఎంతసేపటికి గమనించారన్న దాని మీద, గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ ఎంత దూరంలో ఉందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఇంటర్న్‌కు నేర్పిన రెండు రోజుల పాఠం ఆ లెక్కలో విడిగా కనిపించదు. చికాగోలోని నార్త్‌వెస్టర్న్ వాళ్ళు 2008లో సిమ్యులేటర్ మీద నేర్చుకున్న రెసిడెంట్లనూ మామూలు పద్ధతిలో నేర్చుకున్నవారినీ నిజంగా గుండె ఆగిన కేసుల్లో పోల్చారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ప్రమాణాలను మొదటివారు 68 శాతం, రెండోవారు 44 శాతం పాటించారు. ప్రాణాలు నిలవడంలో మాత్రం లెక్కకు నిలిచే తేడా కనిపించలేదు. దానివల్ల ఆ శిక్షణ వృథా అని ఎవరూ అనరు. కాబట్టి మూడో మెట్టు చాలు, అంటే పని జరిగే చోట చేతులు ఏమి చేశాయో చూడండి.

ఇక బొమ్మ ఖరీదు గురించి ఒక మాట. కళ్ళు ఆర్పుతూ, చెమటలు కక్కుతూ, మాట్లాడే ఖరీదైన బొమ్మ నేను ఇదివరకు పనిచేసిన ఒక కళాశాలలో ఉండేది. దాని ప్లాస్టిక్ కవరు తనిఖీ ఉన్న రోజున మాత్రమే తీసేవారు. మామూలు బొమ్మ మీద నేర్చినవారికన్నా ఖరీదైన బొమ్మ మీద నేర్చినవారు కోర్సు ముగిసిన రోజున కొంత మెరుగ్గా చేస్తారు గానీ, ఏడాది తిరిగేసరికి ఆ తేడా నిలుస్తుందనడానికి ఆధారం దొరకలేదు. మీ నాలుగు బొమ్మలు చాలు.

చివరిబెంచి_2020బ్యాచ్
తనిఖీ రోజున కవరు తీయడమే కాదు సార్, బొమ్మ పక్కన మమ్మల్ని కూడా తెల్లకోట్లు వేయించి నిలబెడతారు.

లీడ్స్‌లో_రాజమండ్రి
ఇక్కడ బ్రిటన్‌లో దాదాపు ఏ ఆసుపత్రిలోనైనా గుండె ఆగిన రోగి కోసం పిలవాల్సిన అంతర్గత నంబరు 2222. ఎవరికీ చెప్పకుండా ఒక వార్డులో ఖాళీ మంచం మీద బొమ్మను పడుకోబెట్టి, ఆ నంబరు నొక్కి, జట్టు ఎంతసేపటికి వచ్చిందో, వచ్చాక ఏమి చేసిందో చూసే కసరత్తులు మేము తరచుగా చేస్తాము. మొదటిసారి నేను అందులో చిక్కుకున్నప్పుడు డీఫిబ్రిలేటర్ ప్యాడ్ల ప్యాకెట్టు చింపలేక పళ్ళతో కొరికాను. ల్యాబులో ప్యాకెట్లు ఎప్పుడూ ముందే చింపి ఉండేవి కదా.

ఆ కసరత్తుల్లో బయటపడేవి చాలావరకు మనుషుల తప్పులు కావు. ట్రాలీ తలుపుకు అడ్డం పడుతుంది, ఆక్సిజన్ గొట్టం ముక్కు సరిపోదు, ఇద్దరూ అవతలివాళ్ళే అడ్రినలిన్ తీస్తున్నారని అనుకుంటారు. మత్తుమాస్టారూ, మీ సాయంత్రం పరీక్షను మూడు నెలలకూ ఆరు నెలలకూ జరిపి, ఇలా చెప్పకుండా పెట్టండి. సీపీఆర్ నైపుణ్యం నెలల్లోనే కరిగిపోతుందని అందరికీ తెలుసు. మీ దగ్గర ఎంత కరిగిందో తెలిస్తే, తిరిగి ఎప్పుడు నేర్పాలో దానినిబట్టి నిర్ణయించవచ్చు.

108_పాతకాపు
డాక్టర్ల చర్చలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. అంబులెన్సులో పన్నెండేళ్ళు పనిచేశాను.

బొమ్మకు ఊపిరి ఉంటుంది, లేకపోతే ఉండదు. మనిషికి గుండె ఆగిన తొలి నిమిషాల్లో ఎగశ్వాస ఉంటుంది. నోరు తెరిచి, చేప ఒడ్డున పడ్డట్టు, ఆగి ఆగి గుక్కలు తీస్తాడు. దానిని చూసి చుట్టూ ఉన్నవాళ్ళు ‘ఊపిరి ఉంది, ఊపిరి ఉంది’ అని కేకలు వేస్తారు. కొత్తగా వచ్చిన డాక్టర్లు కూడా అక్కడ చెయ్యి వెనక్కి తీసుకోవడం నేను కళ్ళారా చూశాను. మీ సన్నివేశంలో ఆ ఎగశ్వాస లేకపోతే, దానిని గుర్తుపట్టే పని నేర్పనూ లేదు, పరీక్షించనూ లేదు.

ఈఎం_కన్సల్టెంట్
ఈ చర్చలో అన్నిటికన్నా విలువైన పోస్టు ఇది. ఫోన్‌లో ఎగశ్వాస వీడియో పెట్టి, దానిని బొమ్మ ముఖం పక్కన ఉంచి, ‘రోగి ఇలా ఉన్నాడు’ అని చెప్పి స్టాప్‌వాచ్ నొక్కండి. ఎన్ని సెకన్లకు మొదటి నొక్కు పడిందన్నదే మీ మొదటి కొలత. నాడి చూడడానికి పది సెకన్లకు మించి తీసుకోకూడదని అందరూ రాస్తారు, చేసేటప్పుడు కరోటిడ్ ధమని కోసం మెడంతా తడుముతూ ఉండిపోతారు.

మత్తుమాస్టారు
కొలతల జాబితా ఇలా అనుకుంటున్నాను, తప్పుంటే సరిదిద్దండి. పడిపోయాడని తెలిసినప్పటి నుంచి మొదటి నొక్కు దాకా పట్టిన సెకన్లు. నిమిషానికి 100 నుంచి 120 మధ్య వేగం ఉందా అన్నది, వీడియోలో లెక్కపెడతాము. మొత్తం సమయంలో చేతులు ఛాతీ మీద లేకుండా గడిచిన భాగం. డీఫిబ్రిలేటర్ షాక్ దాకా పట్టిన సమయం. లోతు దగ్గరే చిక్కు వచ్చింది. అయిదు నుంచి ఆరు సెంటీమీటర్లు దిగిందో లేదో మా బొమ్మల్లో క్లిక్ శబ్దమే చెప్పాలి.

రాత్రిడ్యూటీ_సిస్టర్
ఆ క్లిక్కును నమ్మవద్దు సార్. మా ల్యాబులో ఒక పాత బొమ్మ ఉంది, దాని స్ప్రింగు ఎన్ని బ్యాచ్‌లను చూసిందో గానీ, నేను ఒంటి చేత్తో నొక్కినా క్లిక్ మంటుంది. పిల్లలంతా పరీక్షకు ఆ బొమ్మ దగ్గరే వరుస కడతారు.

చివరిబెంచి_2020బ్యాచ్
మా కళాశాలలో దానికి ‘మంచి అమ్మమ్మ’ అని పేరు.

లెక్కలపంతులు
అమ్మమ్మను అధ్యయనం నుంచి తప్పించండి. లేదా ఏ విద్యార్థి ఏ బొమ్మ మీద చేశాడో నమోదు చేయండి. లేకపోతే స్ప్రింగు అరుగుదలను మీరు విద్యార్థుల ప్రగతిగా ప్రచురిస్తారు.

ఈఎం_కన్సల్టెంట్
లోతు కోసం అరచేతి కింద పెట్టుకునే సెన్సారు ఒకటి, కొనలేకపోతే అరువైనా తెచ్చుకోండి. దాని విషయంలో ఒక జాగ్రత్త ఉంది. నేర్పేటప్పుడు తెర మీద లోతు, వేగం చూపించండి, పరీక్షలో మాత్రం ఆ తెరను తిప్పేయండి. తెర చూస్తూ సరిచేసుకోవడం ఒక నైపుణ్యం, తెర లేకుండా చేయడం మరొకటి.

చెక్‌లిస్టును పూర్తిగా పారేయమని నేను అనను గానీ, ‘సీన్ సేఫ్’ లాంటి వల్లెవేతలకు మార్కు తీసేయండి. అన్నమాటకు కాదు, జరిగిన పనికి మార్కు వేయాలి. జట్టు పని చూడడానికి ‘టీమ్’ అనే పదకొండు అంశాల కొలమానం ఉంది. ఎవరు ఏమి చేయాలో నాయకుడు జట్టుకు స్పష్టంగా చెప్పాడా, జట్టులో ఒకరి మాట ఒకరికి సరిగ్గా అందిందా వంటివి అందులో వస్తాయి. ఇద్దరు పీజీల చేత ఒకే వీడియోకు విడివిడిగా మార్కులు వేయించండి. అది శిక్షణకు ముందు తీసినదో తరువాత తీసినదో వాళ్ళకు తెలియనివ్వకండి. ఇద్దరి మార్కులూ కలవకపోతే, ముందు ఆ గొడవ తేల్చుకుని తరువాత విద్యార్థుల జోలికి వెళ్ళండి.

చివరిబెంచి_2020బ్యాచ్
అందరూ ఆత్మవిశ్వాసం ప్రశ్నను చెత్తబుట్టలో వేస్తున్నారు. నేను ఒప్పుకోను. క్యాజువాల్టీలో నా మొదటి వారం ఒక అరెస్ట్ వచ్చినప్పుడు, ఎలా చేయాలో నాకు పూర్తిగా తెలుసు. అయినా నా కాళ్ళు కదలలేదు. పక్కనే ఉన్న పీజీ ‘నువ్వు ఎక్కు’ అని భుజం మీద తట్టేదాకా గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ రోజు నాకు లోపించింది లోతూ కాదు, వేగమూ కాదు. ముందడుగు వేసే ధైర్యం లోపించింది. దానిని కొలవకుండా స్టాప్‌వాచ్ ఒక్కటే పట్టుకుంటే ఎలా?

పసిపిల్లల_డాక్టరు
బాబూ, నువ్వు చెప్పింది ముఖ్యమే. అయితే శిక్షణ ముగిసిన సాయంత్రం నీ ఫారంలో ధైర్యానికి ఎంత వేశావు?

చివరిబెంచి_2020బ్యాచ్
అయిదు మేడమ్.

పసిపిల్లల_డాక్టరు
అందుకే ఆ ఫారం మీద మాకు అనుమానం, ధైర్యం మీద కాదు. గోడ దగ్గర నువ్వు నిలబడిపోయిన ఆ సెకన్లు మొదటి నొక్కుకు పట్టిన సమయంలోనే కనిపిస్తాయి. ధైర్యాన్ని కాళ్ళను చూసి కొలవాలి.

లీడ్స్‌లో_రాజమండ్రి
ఆ సెకన్లు ఎందుకు పోయాయో మాత్రం స్టాప్‌వాచ్ చెప్పదు. అందుకు డీబ్రీఫింగ్, అంటే సన్నివేశం ముగిశాక కూర్చుని జరిగింది మాట్లాడుకోవడం, కావాలి. మన దగ్గర డీబ్రీఫింగ్ అంటే ప్రొఫెసర్ గారు నిలబడి తప్పులు చదవడం, విద్యార్థులు తల దించుకోవడం. ‘నీకు ఇరవై సెకన్లు పట్టింది, ఆ సమయంలో నీ మనసులో ఏముంది’ అని అడిగి ఆగాలి. పెద్దవాళ్ళు ఉండగా నేను చెయ్యి వేయవచ్చో లేదో అనుకున్నానని ఒకరు అంటారు, పక్కటెముక విరుగుతుందేమోనని భయపడ్డానని ఇంకొకరు అంటారు. రెండింటికీ మందు వేరు. ఆ జవాబులను కూడా రాసిపెట్టుకోండి, మీ అంకెలకు అర్థం అక్కడే దొరుకుతుంది.

108_పాతకాపు
పక్కటెముక విరుగుతుంది. ముసలివారిలో మొదటి నొక్కులకే చేతికి తెలుస్తుంది. ఆ శబ్దం గురించి ముందే చెప్పండి, లేకపోతే అక్కడే ఆపేస్తారు.

లెక్కలపంతులు
ఒక పక్క మాట. మనం బొమ్మ, బొమ్మ అని చులకనగా అంటున్నాము గానీ, 1960లో మొదటి సీపీఆర్ బొమ్మను తయారుచేసిన నార్వే వ్యాపారి అస్‌మండ్ లార్డల్ నిజంగానే పిల్లల ఆటబొమ్మలు చేసేవారు.

మత్తుమాస్టారు
అందరి మాటలూ కలిపి ఈ ఏటి పథకం మార్చాను. చీటీలు తీసి వరుస నిర్ణయిస్తాము, శిక్షణ అందని చివరి బృందమే పోలికకు ఉంటుంది. నేల మీద నేర్పడం మొదటి పూటతో ఆపి, ఆపైన స్పాంజి పరుపు ఉన్న మంచం మీదే చేయిస్తాము. పలక ఎక్కడ ఉందో వెతికి తెచ్చుకోవడం కూడా వాళ్ళ పనే. సన్నివేశం ఎగశ్వాసతో మొదలవుతుంది. ప్రశ్నపత్రం ఒక్కటే ఉంటుంది, అది కూడా మూడో నెలలో. మూడో నెలలోనూ ఆరో నెలలోనూ ముందు చెప్పకుండా వార్డులో జట్లను పరీక్షిస్తాము, లెక్క మాత్రం జట్టుకు ఒకటిగా వేస్తాము. ఆత్మవిశ్వాసం ఫారం ఉంచుతున్నాను, చివరిబెంచి కోసం. కాకపోతే దానిని సర్టిఫికెట్టు ఇచ్చేశాక, పేరు లేకుండా నింపిస్తాను.

ఆరోగ్య సిబ్బంది నిజంగా వార్డులో పరుగెత్తాల్సిన సమయంలో ఈ కసరత్తు అడ్డం పడకూడదు కనుక మధ్యాహ్నం మూడు గంటలకు పెడదామనుకుంటున్నాను. సిస్టర్ గారూ, పొట్టిగా ఉన్నవారి కోసం మంచం పక్కన పీట కూడా ఏర్పాటు చేస్తాను.

రాత్రిడ్యూటీ_సిస్టర్
మూడింటికి పెడితే అందరూ బాగానే చేస్తారు సార్, ఆ వేళకు వార్డులో పదిమంది ఉంటారు. ఒక్క జట్టునైనా రాత్రి చూడండి. పీట మీరు తెచ్చిపెట్టవద్దు. మా దగ్గర పీట ఉంది, స్టోరు గదిలో ఉంది, దాని తాళం స్టోర్ కీపర్ జేబులో ఉంటుంది, ఆయన నాలుగింటికే ఇంటికి వెళ్ళిపోతారు. మీ దగ్గర ఎక్కడ ఉందో ముందు అది కనుక్కోండి.